ఇంచుకు ఇరవై చుట్లు

రెండు రియాళ్లకు కొన్న
సూర్ పట్నంల, దాద్ కరీం పాత సామాన్ల కాడ.
నల్లాలు, కరెంటు మీటర్లు, విరిగిన ఫ్యాను రెక్కల కింద
బోర్ల పడి ఉండె, ఇనుప రందా.
ఉప్పుగాలి దాన్ని పరోటా లెక్క
పొరలు పొరలు లేపింది.
"తూకానికే ఇస్త, పనికి రాదు," అన్నడు.
పట్టుకుంటే
నా అరచెయ్యి దానంతటదే మూసుకుంది.

పొద్దుగాల నుంచి పొద్దుమీకే దాక
షట్టరింగ్ పలకలు కొట్టే చెయ్యి ఇది.
కొట్టుడు, పీకుడు, మళ్ల కొట్టుడు.
కాంక్రీటు గట్టిపడ్డంక
మా కట్టె దిక్కు ఎవ్వలు చూడరు.
ఆరేండ్లాయె, చిత్రిక పట్టక.

రూముల బకెట్ నిండ సిర్కా పోసి నానేసిన.
రాత్రంత గుసగుస, బుడగలు.
"ఇనుముతోని తొక్కు పెడ్తున్నవా?"
పైబెడ్డు మీదికెల్లి పోశెట్టి, ముక్కు మూసుకొని.
తెల్లారి పీచుతోని తోమితే
తుప్పు సులేమానీ రంగుల కారిపోయి
అడుగు తేలింది. సాఫు అడుగు.
పక్కకు ఎవరో మొలతోని గీకిన అరబ్బీ అక్షరాలు,
ఎవరి పేరో. నాకు చదువ రాదు.

పిడి ఉంది. పగిలింది గని, ఉంది.
నాలుక ఉంది, సాన పడితే వెంట్రుక కోస్తది.
నాలుకను అదిమి పట్టే మర లేదు.
చిటికెన వేలు గోరంత మర.

"గంతేనా, మరలకేం కరువు," అన్నడు పోశెట్టి.
మూడు శుక్రవారాలు సనయ్యల తిరిగిన.
ఒకటి వదులు. ఒకటి మూతి కాడనే ఆగింది.
ఇంకొకటి ఎక్కినట్టే ఎక్కి
రెండో చుట్టుకు మొరాయించింది, బలవంత పెడితే
లోపటి గాడి తినిపోతదని విప్పేసిన.
లేత్ మిషన్ ఇమ్తియాజ్, సియాల్‌కోట్ మనిషి,
గేజి పెట్టి చూసి ఈలేసిండు:
"ఇంచుకు ఇరవై చుట్లు!
ఈ లావుకు ఈ చుట్లు ఇప్పుడు ఎవ్వడు కొయ్యడు.
నేను కోస్త. గని అది కొత్తల్లుని లెక్క కూసుంటది,
ఇంటి మనిషి లెక్క కూసోదు.
ముందుగాల పడవల కాడికి పో, ఖల్ఫాన్‌ను అడుగు."

సముద్రం ఒడ్డున సగం కట్టిన పడవ,
పక్కటెముకలు బయటపడి.
దాని నీడకు ఖల్ఫాన్, గడ్డానికి రంపపు పొట్టు.
రందాను తిప్పి చూసిండు. అక్షరాలు చదివి నవ్విండు:
"సలీం! ఈ దొంగ నాకు
టేకు పలక ఒకటి బాకీ.
ఇయ్యకుంటనే సచ్చిపోయె."
నవ్వుతనే ఉన్నడు, అక్షరాల మీద బొటనవేలు మాత్రం
అట్లనే ఆగిపోయింది.

తన పెట్టెల నుంచి తీసిండు, అసొంటిదే ఇంకొకటి.
దానికి మర ఉంది.
నాలుక సాన పట్టీ పట్టీ అరిగి
పండ్లూడిన చిగురంత మిగిలింది.
మర విప్పి నా అరచేతిల పెట్టిండు.
పేచ్‌కస్ అవసరం పడలె. రెండు వేళ్లతోని తిప్పితే
పిల్ల తల్లి సంకకెక్కినట్టు
ఎక్కి కూసుంది.

టేకు పలక మీద ఒక్కటే తోపు.
అది నా మోచేతి దాక చుట్టుకుంట వచ్చింది, పొర.
ఖల్ఫాన్ దాన్ని ఎండకు పట్టి
అందులకెల్లి సముద్రాన్ని చూసిండు.
నన్నూ చూడుమన్నడు.
సముద్రం ఎర్రగ, నూనె వాసనతోని.

అసర్ నమాజుకు పిలుపు వచ్చినంక
మర విప్పి, తన జేబుల వేసుకున్నడు.
ఎంతకిస్తవంటే తల అడ్డం ఊపిండు.
"జుమ్మాకు రా. రందా నువ్వు తెచ్చుకో,
మర నేను తెస్త."

గప్పటి సంది పదకొండు జుమ్మాలాయె.
ఆరు రోజులు రందా నా మంచం కింద
నాలుక వదులై ఉంటది.
బస్సుల ఒడిలో పెట్టుకొని పోత,
పక్కోడు పసిపిల్లనుకొని జాగ ఇస్తడు.

మొన్న ఇమ్తియాజ్ అడ్డమొచ్చి అడిగిండు:
"మిషన్ ఖాళీగ ఉంది, కొయ్యాల్నా మరి ఆ మర?"

వద్దన్న.